బెనిన్ ఓటు బరువెంత?



దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి స్మృతిలో మాట్లాడమని పిలవడం, అదీ కాకినాడకు పిలవడం, నాకు పెద్ద గౌరవం. 1923లో ఈ ఊళ్ళో కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర టికెట్లు చూసే పని పధ్నాలుగేళ్ళ దుర్గాబాయికి అప్పగించారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు వచ్చి మందలించినా కదల్లేదు. ఆయనకు టికెట్ కొని తెచ్చాకే లోపలికి వెళ్ళనిచ్చింది. ఈ కథ మీ అందరికీ తెలుసు. తెలిసినా మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే ఆవిడ తర్వాత చేసిన పనులన్నీ ఆ ద్వారం దగ్గరి పట్టుదల లోంచే వచ్చాయని నా నమ్మకం. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినా, రాజ్యాంగ సభలో వందల సవరణలు ప్రతిపాదించినా, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనా, ఆవిడ అడిగింది ఒకటే. నియమం రాసేటప్పుడు అది ఎవరి మీద పడుతుందో వాళ్ళు కూడా అక్కడ ఉండాలి, రాశాక అది పెద్దవాళ్ళకూ వర్తించాలి.

ఇవాళ నేను ఎంచుకున్న విషయం ప్రపంచ ఆర్థిక వ్యవహారాల్లో అతి పేద దేశాల మాట ఎంతవరకు చెల్లుతోందన్నది. దుర్గాబాయమ్మకూ దీనికీ సంబంధమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆవిడ 1953లో పెళ్ళాడిన చింతామణ్ దేశ్‌ముఖ్ గారు, అంతకు తొమ్మిదేళ్ళ ముందు, ఇప్పుడు మనం మాట్లాడుకోబోయే వ్యవస్థ పుట్టిన గదిలో కూర్చున్నారు. అక్కడినుంచే మొదలుపెడతాను.

1

1944 జూలై. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ కొండల మధ్య బ్రెటన్‌వుడ్స్‌లో మౌంట్ వాషింగ్టన్ హోటల్. యుద్ధం ఇంకా ముగియలేదు. 44 దేశాల ప్రతినిధులు మూడు వారాలపాటు అక్కడే ఉండి అంతర్జాతీయ ద్రవ్యనిధికీ ప్రపంచ బ్యాంకుకూ పునాది వేశారు. ఆఫ్రికా ఖండం మొత్తం నుంచి వచ్చినవి నాలుగే: ఈజిప్టు, ఇథియోపియా, లైబీరియా, దక్షిణాఫ్రికా. తక్కిన ఖండం పరాయి పాలనలో ఉంది. నేను ఇవాళ పదేపదే చెప్పబోయే బెనిన్ అనే దేశం అప్పటికి లేదు. దహోమీ అనే ఫ్రెంచి వలస ఉంది. దహోమీ తరఫున అక్కడ ఎవరూ లేరు.

మనమూ పరాయి పాలనలోనే ఉన్నాం. అయినా మనకు కుర్చీ దొరికింది. ప్రతినిధి వర్గానికి నాయకుడు జెరెమీ రైస్‌మన్ అనే ఆంగ్లేయుడు. కానీ ఆ వర్గంలో రిజర్వు బ్యాంకు గవర్నరుగా దేశ్‌ముఖ్ గారు, ఆర్.కె. షణ్ముఖం చెట్టి, ఎ.డి. ష్రాఫ్ ఉన్నారు. వెనకబడిన దేశాల అభివృద్ధి కూడా ద్రవ్యనిధి లక్ష్యాల్లో ఉండాలని వాళ్ళు పట్టుబట్టారు. నిధిలో మన వాటాను, అంటే కోటాను, పెంచమని పోరాడారు. చివరికి మనకు దక్కింది 40 కోట్ల డాలర్లు. చైనాకు 55 కోట్లు, అమెరికాకు 275 కోట్లు.

ఆ అంకెలు ఎలా వచ్చాయో విద్యార్థులు తెలుసుకోవాలి. అమెరికా ఖజానా శాఖలో పనిచేసిన రేమండ్ మైక్‌సెల్ అనే యువ ఆర్థికవేత్త తన జ్ఞాపకాల్లో దాపరికం లేకుండా రాశారు. 1943లో ఆయన పై అధికారి హ్యారీ వైట్ పిలిచి, ఫలితం ముందే చెప్పేశారట: అమెరికాకు ఇంత రావాలి, బ్రిటన్‌కు దానిలో దాదాపు సగం, ఆ తర్వాత సోవియట్ యూనియన్, ఆ తర్వాత చైనా. జాతీయాదాయం, బంగారం, విదేశీ వాణిజ్యం అంటూ మైక్‌సెల్ లెక్కలు వేసి, ఆ ఫలితం వచ్చేదాకా సూత్రాన్ని సవరించారు. ఎనభై ఏళ్ళుగా శాస్త్రీయమైన కోటా సూత్రమని మనం పరీక్షల్లో రాస్తున్నదానికి మొదలు అదే.

అయితే ఆ హోటల్లోనే ఒక మంచి పని కూడా జరిగింది. కోటా ఎంత చిన్నదైనా ప్రతి సభ్య దేశానికీ 250 ప్రాథమిక ఓట్లు ఇచ్చారు. దానిపైన ప్రతి లక్ష డాలర్ల కోటాకూ ఒక ఓటు. లైబీరియాకు నిర్ణయించిన కోటా అయిదు లక్షల డాలర్లు, అంటే దాని 255 ఓట్లలో 250 అది ఒక దేశం అయినందుకు వచ్చినవే. డబ్బుకు బరువు ఉండాలి, దేశం అన్న హోదాకూ కొంత ఉండాలి. ఆ రాజీ నాకు న్యాయంగానే కనిపిస్తుంది. మొదట్లో మొత్తం ఓట్లలో ఈ ప్రాథమిక ఓట్ల వాటా 11.3 శాతం.

2

తర్వాత ఏమైంది? ఎవరూ కుట్ర చేయలేదు. కోటాలు పెంచినప్పుడల్లా డబ్బు ఓట్లు పెరిగాయి, 250 మాత్రం 250 గానే ఉండిపోయింది. ఈలోగా వలసలన్నీ స్వతంత్ర దేశాలై ఒక్కొక్కటే సభ్యులుగా చేరాయి. ప్రాథమిక ఓట్లతో మేలు కలగాల్సిన దేశాలు లోపలికి వచ్చాక ఆ ఓట్ల వాటా కరుగుతూ చివరికి రెండు శాతం దగ్గరికి చేరింది. 2008లో ఒప్పుకున్న సంస్కరణ 2011లో అమలయ్యాక ఆ ఓట్లను మూడింతలు చేసి వాటాను 5.5 శాతం దగ్గర స్థిరపరిచారు. మొదటి వాటాలో సగం కూడా కాదు.

దహోమీకి 1960లో స్వాతంత్ర్యం వచ్చింది, 1975లో బెనిన్ అయింది. ఇవాళ ద్రవ్యనిధిలో బెనిన్ ఓటు సుమారు 0.05 శాతం. అమెరికాది 16.5 శాతం. కోటాలు మార్చాలంటే 85 శాతం ఓట్లు కావాలి కాబట్టి అమెరికా ఒక్కటి కాదంటే ఏదీ కదలదు. 2010లో కుదిరిన కోటా ఒప్పందం 2016 జనవరి దాకా అమలు కాలేదు, వాషింగ్టన్‌లో చట్టసభ ఆమోదించలేదు కనుక.

రోజువారీ పనులు నడిపేది ఎగ్జిక్యూటివ్ బోర్డు. అక్కడ 24 కుర్చీలు ఉండేవి. సహారాకు దిగువన ఉన్న నలభైకి పైగా దేశాలకు కలిపి రెండంటే రెండు కుర్చీలు. బెనిన్ ఇరవైకి పైగా దేశాలతో ఒక డైరెక్టరును పంచుకునేది. ఆ డైరెక్టరు బల్లమీదికి వచ్చే కాగితాలను ఊహించుకోండి. ఒక దేశంలో కరవు, ఒక దేశంలో సైనిక తిరుగుబాటు, మూడు దేశాల అప్పు సమీక్షలు, అన్నీ ఒకే వారంలో. అవతల అమెరికా డైరెక్టరు చూసుకోవాల్సింది ఒక దేశం. 2024 నవంబరులో ఆఫ్రికాకు మూడో కుర్చీ, బోర్డుకు 25వ కుర్చీ వచ్చింది. సంతోషమే. కానీ కుర్చీ పెరిగినంత మాత్రాన ఓట్లు పెరగలేదు. అదే మొత్తం ముగ్గురికి పంపకమైంది.

ఈ బరువు తేడా ఎక్కడ తగులుతుందో ఒక ఉదాహరణ. 2021 ఆగస్టులో, కోవిడ్ కాలంలో, ద్రవ్యనిధి 65,000 కోట్ల డాలర్ల విలువైన ప్రత్యేక ఉపసంహరణ హక్కులను సృష్టించి సభ్యులకు పంచింది. అది అప్పు కాదు, షరతుల్లేని నిల్వ. పంపకం కోటాల ప్రకారం. మొత్తం ఆఫ్రికా ఖండానికి అందినది సుమారు 3,300 కోట్ల డాలర్లు. అమెరికా ఒక్కదానికి 11,000 కోట్లకు పైగా. ఆసుపత్రుల్లో ఆక్సిజన్ లేని దేశాలకు తక్కువ, ఆ డబ్బు అవసరమే లేని దేశాలకు ఎక్కువ. అన్యాయం చేయాలని ఆ రోజు ఎవరూ అనుకోలేదు. కోటా పట్టిక ఎలా ఉందో అలా పంచారు, అంతే. నన్ను బాధపెట్టేది అదే.

ఇంకొకటి చెప్పి ముందుకు వెళతాను. బెనిన్‌లో చెలామణి అయ్యే సీఎఫ్ఏ ఫ్రాంకు విలువను ఫ్రెంచి ఫ్రాంకుతో ముడివేశారు. 1994 జనవరిలో సెనెగల్ రాజధాని డకార్‌లో ఆ కరెన్సీ వాడే దేశాల నాయకులు సమావేశమై ఆ విలువను సగానికి తగ్గించారు. అంతకుముందు 50 సీఎఫ్ఏలకు వచ్చే ఫ్రెంచి ఫ్రాంకుకు తెల్లారేసరికి 100 కావాల్సి వచ్చింది. ప్రకటన చేసింది ఆఫ్రికా నాయకులే, కానీ అదే సమావేశంలో ఫ్రెంచి మంత్రి, ద్రవ్యనిధి అధిపతి కూడా కూర్చున్నారు. కొత్త అప్పుకు దారి ఆ నిర్ణయం మీదుగానే పోతుందని అందరికీ తెలుసు. పత్తి ఎగుమతి చేసే రైతుకు దానివల్ల కొంత మేలు జరిగిందని ఒప్పుకోవాలి. పట్నంలో బియ్యం, మందులు కొనుక్కునే తల్లికి మాత్రం ధర బాగా పెరిగింది. మేలో, కీడో, ఆ లెక్క చూసి తేల్చుకునే వ్యవధి ఆ దేశాల చట్టసభలకు లేకపోయింది.

3

ఇక్కడ ఒక సందేహం రావాలి. వచ్చి ఉంటే మంచిదే. ఓట్ల బరువే సమస్య అయితే, ఒక దేశానికి ఒక ఓటు ఉన్నచోట పేద దేశాలు గెలవాలి కదా? ప్రపంచ వాణిజ్య సంస్థలో అందరూ సమానమే, నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే. అక్కడ ఏం జరిగిందో కొంచెం వివరంగా చూద్దాం.

పత్తి సంగతి తీసుకుందాం. బెనిన్, బుర్కినా ఫాసో, మాలి, చాద్ అనే నాలుగు దేశాలు పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో పత్తి పండిస్తాయి. వానాధారం, చిన్న కమతాలు, ఇంటిల్లిపాదీ చేత్తో పత్తి తీస్తారు. ఊరి చివర కుప్పపోసిన పత్తిని తూకం వేసి, కంపెనీ లారీలో మిల్లుకు పంపుతారు. ఆదిలాబాద్ జిల్లాలో, గుంటూరు పల్లెల్లో పత్తి తీసిన చేతులకు ఆ పని వేరే చెప్పనక్కర్లేదు. పండించే ఖర్చు చూస్తే ప్రపంచంలోనే తక్కువ ఖర్చుతో పండించేవాళ్ళలో వాళ్ళుంటారు. కోటిమంది దాకా ఆ పంట మీద ఆధారపడ్డారు.

2001–02లో ప్రపంచ మార్కెట్లో పత్తి ధర దాదాపు ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ లేనంత పడిపోయింది. పౌను నలభై సెంట్ల పైచిలుకు. ఆ ఏడాదే అమెరికా తన పత్తి రైతులకు 300 కోట్ల డాలర్లకు పైగా సబ్సిడీ ఇచ్చింది. ఆ రైతులు సుమారు పాతికవేలమంది. ధర పడినా వాళ్ళు సాగు తగ్గించనక్కర్లేదు, కాబట్టి సరుకు మార్కెట్లో పోగుపడి ధర ఇంకా పడింది. వరంగల్ ఎనుమాముల యార్డులో బస్తా మీద కూర్చుని వేలం కోసం ఎదురుచూసే రైతుకూ ఆ ధర సెగ తగులుతుంది.

ఆ నాలుగు దేశాలూ బిచ్చం అడగలేదు. 2003లో లెక్కలతో సహా ప్రతిపాదన పెట్టాయి. మూడేళ్ళలో పత్తి సబ్సిడీలు ఎత్తేయండి, అందాకా నష్టపోయిన దేశాలకు పరిహారం ఇవ్వండి అన్నాయి. జూన్‌లో బుర్కినా ఫాసో అధ్యక్షుడు స్వయంగా జెనీవా వెళ్ళి వాణిజ్య సంస్థలో మాట్లాడారు. ఒక దేశాధినేత పత్తి గురించి చెప్పడానికి అంత దూరం వెళ్ళడం మామూలు విషయం కాదు.

సెప్టెంబరులో మెక్సికోలోని కాన్‌కూన్‌లో మంత్రుల సమావేశం. పత్తిని అజెండాలో పెట్టారు. అందరూ సానుభూతి చూపారు. 13వ తేదీన ముసాయిదా బయటికి వచ్చింది. అందులో సబ్సిడీల రద్దుకు గడువు లేదు, పరిహారం మాట లేదు. పత్తి మీద ఎక్కువగా ఆధారపడిన దేశాలు తమ ఆర్థిక వ్యవస్థల్లో వైవిధ్యం తెచ్చుకోవడానికి అంతర్జాతీయ సంస్థలు సాయపడాలని రాశారు. అంటే పత్తి పండించడం మానుకోండి అని. సమస్య సబ్సిడీ ఇచ్చేవాడిది కాదు, పత్తి వేసినవాడిది అని తేల్చేశారు. ఆ కాగితం చదివిన ఆఫ్రికా ప్రతినిధుల మనసు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. మర్నాడు పెట్టుబడులు మొదలైన కొత్త అంశాల మీద చర్చలకు వాళ్ళు ససేమిరా అన్నారు. సమావేశం కూలిపోయింది.

దాన్ని చాలామంది వైఫల్యమన్నారు. ఆ రోజు పేద దేశాలు తమకున్న ఒకే ఒక్క శక్తిని వాడుకున్నాయని నేనంటాను. కాదనగలిగే శక్తి అది. అది ఉంది కనుకనే 2005లో హాంకాంగ్ సమావేశంలో పత్తి ఎగుమతి సబ్సిడీల రద్దుకు గడువు పడింది. కానీ అసలు భారం ఎగుమతి సబ్సిడీ కాదు, దేశీయ సబ్సిడీ. అది ఈనాటికీ తేలలేదు. కాదనే శక్తితో ఒక తప్పును ఆపవచ్చు, ఉన్న తప్పును దిద్దించలేం.

దిద్దించే శక్తి ఎవరికి ఉందో కూడా అదే కథ చెబుతుంది. ఇవే సబ్సిడీల మీద బ్రెజిల్ దావా వేసింది. బెనిన్, చాద్ అందులో మూడో పక్షంగా చేరి తమ గోడు వినిపించాయి. బ్రెజిల్ గెలిచింది. ప్రతీకార సుంకాలు వేయగల మార్కెట్టు బ్రెజిల్‌కు ఉంది, అందుకని అమెరికా రాజీకి వచ్చి 2014లో 30 కోట్ల డాలర్లు చెల్లించింది. బ్రెజిల్ పత్తి రైతుల సంస్థకు. బెనిన్ రైతుకు ఏమీ రాలేదు. బెనిన్ సుంకం వేస్తే అమెరికాకు నష్టమేముంది?

కాబట్టి నా వాదన ఇది. పేద దేశాలను పిలవడం లేదని అనలేం, ఇవాళ అన్ని సభలకూ పిలుస్తున్నారు. అజెండాలో ఏముండాలో చెప్పే హక్కు, రాసిన కాగితాన్ని మార్పించే బరువు, మాట తప్పినవాడికి ఖర్చు తగిలించే సాధనం: ఈ మూడూ లేకుండా పిలుపు ఒక్కటే ఉంటే మిగిలేది ఫోటో.

4

ఇప్పుడు మన సంగతి. ఇది చెప్పకపోతే పై మాటలకు విలువ ఉండదు.

ఇక్కడికి కొద్ది దూరంలో యాంకరేజి రేవు ఉంది. బియ్యం బస్తాలను బార్జీల్లోకి ఎక్కించి, లోతు నీళ్ళలో లంగరు వేసిన ఓడలకు చేరుస్తారు. ఆ ఓడల్లో చాలా పశ్చిమ ఆఫ్రికాకు పోతాయి. బెనిన్‌లోని కొటొనూ రేవుకూ పోతాయి. గోదావరి జిల్లాల మిల్లుల్లో ఆడించిన బియ్యం ఆ దేశపు వంటింట్లో ఉడుకుతుంది. ప్రపంచ బియ్యం వర్తకంలో సుమారు నలభై శాతం మన దేశానిదే.

2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని, 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఢిల్లీ నిషేధించింది. మన ఇంట్లో ధరలు అదుపులో ఉండాలన్నది కారణం. ఆ బాధ్యతను తక్కువ చేయను. కానీ కొనుగోలు దేశాలతో ముందుగా మాట్లాడే పద్ధతి ఏదీ లేకపోయింది. ఆహార భద్రత కోసం కావాలంటే వాళ్ళ ప్రభుత్వాలు మనకు అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది, మనం పరిశీలించి ఇంత అని కేటాయించాం. కాన్‌కూన్‌లో వాళ్ళు నిలబడిన వరుసలోనే మన ద్వారం దగ్గరా నిలబడ్డారు.

ఇంకొకటి. వాణిజ్య సంస్థలో ఒక అతి పేద దేశం స్వయంగా ఫిర్యాదీ అయి దావా వేసిన సందర్భం ఒక్కటే ఉంది. 2004లో బంగ్లాదేశ్ వేసింది, బ్యాటరీల మీద విధించిన యాంటీ డంపింగ్ సుంకాల విషయంలో. ఎవరి మీద? భారతదేశం మీద. ఆ సుంకాన్ని మనం తర్వాత ఎత్తేశాం. అది మనకు గౌరవం తెచ్చిన పని అని నేను గట్టిగా చెబుతాను. నియమానికి తలవంచితే దేశం చిన్నదైపోదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ సమావేశంలో ఆఫ్రికా యూనియన్‌ను జీ20లో శాశ్వత సభ్యురాలిగా చేర్పించడంలో మనం చూపిన చొరవ కూడా అలాంటిదే. 55 దేశాల సమాఖ్యకు ఒక కుర్చీ. ఆలస్యమైనా వచ్చింది.

5

మరి ఏం చేయాలి? పేద దేశాల మాటకు బరువు పెంచాలంటే పెద్ద అభ్యంతరం ఒకటుంది, ముందు దాన్ని చూడాలి. డబ్బు పెట్టేవాడికే మాట ఉండాలి, అప్పు తీసుకునేవాళ్ళు ఓట్లతో అప్పుల షరతులు రాసుకుంటే ఏ సంస్థా నిలబడదు అంటారు. ఈ మాటలో నిజముంది. గ్రాంటుల మీద నడిచే సంస్థల విషయంలో దాతల భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ ద్రవ్యనిధి దానధర్మాల సంస్థ కాదు. దశాబ్దాలపాటు దాని నిర్వహణ ఖర్చుల్లో పెద్ద వంతు అప్పు తీసుకున్న దేశాలు కట్టిన వడ్డీల నుంచే వచ్చింది. ఖర్చు భరించేవాడికి మాట ఉండాలంటే ఆ దేశాలకూ ఉండాలి.

రెండు వైపులకూ రక్షణ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. 1994లో పునర్వ్యవస్థీకరించిన ప్రపంచ పర్యావరణ నిధిలో ఏకాభిప్రాయం కుదరకపోతే జంట మెజారిటీ కావాలి. సభ్య దేశాల్లో 60 శాతం, నిధులిచ్చినవాళ్ళ వాటాల్లో 60 శాతం, రెండూ ఒప్పుకోవాలి. డబ్బున్నవాడు ఒంటరిగా నడపలేడు, లేనివాళ్ళంతా కలిసి అతని డబ్బు పంచేయలేరు. ద్రవ్యనిధి అధిపతి ఎంపికకు, అప్పుల షరతుల విధానానికి ఇదే పెట్టవచ్చు. అధిపతి యూరప్‌వాడు, ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు అమెరికా పౌరుడు అన్న ఆనవాయితీకి ఏ నిబంధనావళిలోనూ ఆధారం లేదు. 2012లో నైజీరియా ఆర్థిక మంత్రి న్‌గోజి ఒకొంజో ఇవేలా బ్యాంకు పదవికి పోటీపడితే ఆ ఆనవాయితీయే గెలిచింది. 2021లో ఆవిడే వాణిజ్య సంస్థకు అధిపతి అయ్యారు. అక్కడ ఓట్ల బరువు లేదు కదా.

పన్నుల విషయంలో దారి ఇప్పటికే తెరుచుకుంది. బహుళజాతి కంపెనీల మీద పన్ను నియమాలను సంపన్న దేశాల సంస్థ రాస్తుంటే, ఆఫ్రికా దేశాలు ఐక్యరాజ్యసమితికి వెళ్ళి, అక్కడ ఒప్పందం రాయాలని తీర్మానం పెట్టాయి. 2023 నవంబరులో 125 దేశాలు అనుకూలం, 48 వ్యతిరేకం. వేదికను ఎంచుకునే హక్కును వాళ్ళు తీసుకున్నారు. అమెరికా తర్వాత ఆ చర్చల నుంచి తప్పుకుంది. చర్చలు ఆగలేదు.

చివరగా ప్రాథమిక ఓట్లు. వాటిని 1944 నాటి 11.3 శాతానికి తిరిగి తేవాలని నా ప్రతిపాదన. ఇది కొత్త విప్లవమేమీ కాదు, వాళ్ళు రాసుకున్న రాజీనే. దానివల్ల ఎవరికి ఎంత పోతుందో లెక్క వేశాను. ఇప్పుడున్న 191 సభ్య దేశాల కోటాల ప్రకారం అమెరికా ఓటు 16.5 నుంచి సుమారు 15.5 శాతానికి దిగుతుంది, అంటే వీటో కూడా పోదు. బెనిన్ ఓటు 0.05 నుంచి 0.08కి పెరుగుతుంది. ఐక్యరాజ్యసమితి జాబితాలోని 44 అతి పేద దేశాల ప్రాథమిక ఓట్లు కలిపితే 1.3 శాతం నుంచి 2.6కి చేరతాయి. ఒక్క భారతదేశానికి ఇవాళ ఉన్నంత.

భారతదేశానికి ఎంత పోతుంది? మన ఓటు 2.63 శాతం. అది 2.5 అవుతుంది.

గత సంస్కరణల్లో మనం అడిగింది మన కోటా గురించి. అడగడం తప్పు కాదు, మన ఆర్థిక వ్యవస్థ పెరిగింది. 2010 ఒప్పందంలో మనం ఎనిమిదో స్థానానికి ఎక్కాం. కానీ ఆ పెరుగుదలలో అతి పేద దేశాలకు దక్కింది, ఉన్న ఓటు పోకుండా చూస్తామన్న హామీ ఒక్కటే. 2023 డిసెంబరులో ముగిసిన పదహారో సమీక్షలో అందరి కోటాలనూ ఒకే నిష్పత్తిలో యాభై శాతం పెంచాలని తీర్మానించారు, వాటాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అసలు చర్చ తర్వాతి సమీక్షకు వాయిదా పడింది. ఆ బల్ల దగ్గర మన డైరెక్టరు మనకొక్కరికే కాదు, బంగ్లాదేశ్‌కూ భూటాన్‌కూ శ్రీలంకకూ ప్రతినిధి. ఆ చర్చలో భారతదేశం ముందుగా లేచి, 0.13 శాతం వదులుకోవడానికి మేం సిద్ధం, ప్రాథమిక ఓట్లు పెంచండి అని రాతపూర్వకంగా అడగాలి. అలా అడగమని ఈ సభలో ఉన్న ఎంపీలనూ, అర్థశాస్త్ర అధ్యాపకులనూ, రేపు ఆర్థిక శాఖలోకీ రిజర్వు బ్యాంకులోకీ వెళ్ళబోయే విద్యార్థులనూ కోరుతున్నాను.